చూడడమూ నేరమేనా?

(కొత్తకోట సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆనంద్ పట్వర్ధన్ ‘రామ్ కే నామ్’ దొంగచాటు చిత్రం కాదు. దానికి సెన్సారు బోర్డు ‘యు’ సర్టిఫికెట్, జాతీయ పురస్కారం ఉన్నాయి. కోర్టు ఆదేశంపై దూరదర్శనే ప్రసారం చేసింది. అందులో విద్వేషాన్ని ఖండించినవారు అయోధ్య పూజారి లాల్‌దాస్. 1993లో ఆయన హత్యకు గురయ్యారు.

2019 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఆ ప్రదర్శనను పోలీసులు ఆపి, విద్యార్థులను తీసుకుపోయారు. 2024 జనవరి 20న సైనిక్‌పురి కేఫ్‌లోనూ ఆగింది, నిర్వాహకులు అరెస్టయ్యారు. నడుమ రాష్ట్రంలో ప్రభుత్వం మారింది, పోలీసుల తీరు మారలేదు. ఇది నన్ను ఎక్కువగా బాధించింది.

మన యువకులు ఇక్కడా చూపుదామంటున్నారు. చూపండి. సర్టిఫికెట్ నకలు దగ్గరుంచుకోండి. హిందూ ఇరుగుపొరుగును ముందు వరుసలో కూర్చోబెట్టండి. ఆపవచ్చినవారిని రాతపూర్వక ఉత్తర్వు అడగండి.