చెరసాలలో అడగవలసిన ప్రశ్న

ఈ రోజు ధ్యానానికి ఆదికాండము 40వ అధ్యాయం తీసుకుందాం.

17 ఏళ్ల కుర్రవాడుగా మనకు పరిచయమైన యోసేపును సొంత అన్నలే 20 తులముల వెండికి అమ్మేశారు. కొన్నవారు ఐగుప్తులో మళ్లీ అమ్మారు. చివరకు చేయని నేరానికి చెరసాల పాలయ్యాడు. ఐగుప్తీయుల దృష్టికి అతడొక నేరస్థుడు. అమ్ముడుపోయి వచ్చాడన్న సంగతి ఎవరూ విచారించలేదు. తానే పానదాయకుల అధిపతికి చెప్పుకున్నాడు. ఆయన రెండేళ్లు మరచిపోయాడు.

ఈనాడు రైల్వే స్టేషనులో గంజాయి సంచితో ఒక బాలుడు దొరుకుతాడు. సంతలో ఫోను దొంగిలిస్తూ మరొకడు దొరుకుతాడు. పంపినవాడు మాత్రం జనంలో కలిసిపోతాడు.

మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం ఈ సంగతి గుర్తించింది. నేరారోపణ ఉన్న బిడ్డే రక్షణ అవసరమైన బిడ్డ కూడా కావచ్చునని, అలాంటప్పుడు జువెనైల్ జస్టిస్ బోర్డు ఆ విషయాన్ని బాలల సంక్షేమ సమితికి పంపాలని 8వ సెక్షను చెబుతోంది. బిడ్డ నేపథ్యం మీద ప్రొబేషన్ అధికారి 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఆ నివేదికలో అసలు సంగతి బయటపడాలంటే అడిగే తీరు ముఖ్యం.

బిడ్డను ఒంటరిగా, వాడి సొంత భాషలో, బెదిరించకుండా అడగాలి. ఈ ఊరికి నిన్ను ఎవరు తెచ్చారు? ఎక్కడ పడుకుంటావు? డబ్బు ఎవరు తీసుకుంటారు? ఆధార్ కార్డు ఎవరి దగ్గరుంది? మానేస్తానంటే ఏం చేస్తారు? బట్టీ పట్టినట్టు ఒకే జవాబు చెబుతున్నా, ప్రతిదానికీ పక్కనున్న పెద్దమనిషి ముఖం చూస్తున్నా అది గుర్తే. మొదటి రోజే చెప్పడు. నమ్మకం కుదిరాక చెబుతాడు.

“అయ్యగారూ, తప్పు చేసినవాణ్ణి వెనకేసుకొస్తారా?” అని మీరు అడగవచ్చు. తప్పు తప్పే. ఫోను పోగొట్టుకున్న కూలివాని నష్టమూ నిజమే. అయితే పిల్లవాణ్ణి మాత్రమే శిక్షిస్తే, రేపు అదే మనిషి మరొక పిల్లవాణ్ణి దింపుతాడు. పిల్లలను నేరాలకు వాడుకునే పెద్దలకు 83వ సెక్షను ఏడేళ్ల వరకు కఠిన కారాగారం విధిస్తుంది. ఆ మనిషిని పట్టించగలిగేది ఆ బిడ్డ నోటి మాటే.

ప్రియులారా, యోసేపు తాను బంధకాల్లో ఉండి కూడా, తోటి ఖైదీల ముఖాలు చిన్నబోవడం చూసి కారణం అడిగాడు. మన వీధి హోటల్లో, ఇటుక బట్టీలో కనిపించే కొత్త బిడ్డ ముఖం మనం చూశామా? అనుమానం కలిగితే 1098కి ఫోను చేయండి. మన ఇంట్లోనే పనిపిల్ల ఉంటే, ఆ ప్రశ్న ముందు మనకే.

ప్రార్థిద్దాం. ప్రభువా, మరచిపోయే పానదాయకునిలా కాక, అడిగే యోసేపులా మమ్మును చేయుము. ఆమేన్.