శస్త్రచికిత్సకు ముందు క్షౌరము

శస్త్రచికిత్స నిశ్చయమైన ఇంట, రోగిని శుభ్రపరచి పంపవలెనని బంధువులు ఆతురపడుట సహజము. ముందునాటి సాయంకాలమే మంగలిని పిలిపించి, కోత పడనున్న చోట వెండ్రుకలు నున్నగా గొరిగించుట మంచిదని పలువురి నమ్మకము. నేటి వైద్యశాస్త్రము ఈ నమ్మకమును అంగీకరించుట లేదు. అందులకు గల కారణములను శ్రోతలకు విన్నవింపదలచితిమి.

వెండ్రుకలు క్రిములకు ఆటపట్టులనియు, వానిని తొలగించినచో గాయము చీము పట్టదనియు పూర్వము వైద్యులు సైతము భావించిరి. ముందురోజుననే గొరుగుట అనేక ఆసుపత్రులలో ఆచారముగా ఉండెను. 1971లో సెరోపియన్, రేనాల్డ్స్ అను అమెరికా పరిశోధకులు 406 మంది రోగులను గూర్చిన లెక్కలు ప్రకటించిరి. కత్తితో గొరిగినవారిలో నూటికి 5.6 మందికి గాయము చెడెను. లేపనముతో వెండ్రుకలు తొలగించినవారిలోను, అసలు తొలగింపనివారిలోను నూటికి 0.6 మందికి మాత్రమే చెడెను. ఒక దినమునకు పైబడి ముందుగా గొరిగినచో ఈ ప్రమాదము నూటికి 20 దాటెను. ఆ పిమ్మట 1980లో కెనడాలోని కాల్గరీ నగరము నుండి వెలువడిన 62,939 గాయముల లెక్కలును ఇదే మార్గమును చూపినవి. అందు గొరిగినచోట 2.5, కత్తిరించినచోట 1.7, వెండ్రుకలను ముట్టనిచోట 0.9 చొప్పున నూటికి గాయములు చెడినవి.

దీనికి కారణమేమి? ఎంతటి నేర్పరి చేతిలోనైనను కత్తి చర్మముపై కంటికి కానరాని గాట్లు పెట్టును. చర్మముమీద సహజముగా నివసించు క్రిములు ఆ గాట్లలో చేరి రాత్రికి రాత్రి వృద్ధిపొందును. మరునాడు వైద్యుడు మందు పూసినను అవి పూర్తిగా నశింపవు. శుభ్రతకై చేసిన పనియే క్రిములకు ద్వారము తెరచుచున్నది!

అందువలన వెండ్రుకలు అడ్డురానిచో తొలగింపవలదనియు, తప్పనిసరియైనచో క్లిప్పరుతో కత్తిరింపవలెననియు, కత్తితో గొరుగరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఉపదేశించినది. క్లిప్పరు వెండ్రుకను మొదలంట గొరుగక, చర్మమునకు కొంచెము ఎగువన కత్తిరించును. శస్త్రచికిత్సకు కొద్ది ముందుగా ఆ పని చేయుట మేలు. లేపనములు గాటు పెట్టవు గాని కొందరి చర్మమునకు మంటయు, దద్దురును కలిగించును. కనుక వైద్యుల అనుమతి లేక ఇంట వాడరాదు.

గృహస్థులు చేయవలసినది స్వల్పమే. వైద్యులు వలదననిచో రోగికి సబ్బుతో చక్కగా స్నానము చేయింపుడు. కత్తి జోలికి పోకుడు. ఇదివరకే గొరిగియున్నను, ఆ చోట సెగగడ్డ గాని గాటు గాని ఉన్నను బిడియపడక వైద్యునితో చెప్పుడు. ఆసుపత్రిలో ఎవరేని కత్తి తెచ్చినచో, "క్లిప్పరు లేదా?" అని మర్యాదగా అడుగుటలో తప్పులేదు. తల మీద శస్త్రచికిత్స జరుగనున్నవారికి తలనీలాల మొక్కు ఉన్నయెడల, గాయము మానిన పిమ్మట నింపాదిగా చెల్లించుకొనవచ్చును. దేవుడు తొందరపెట్టడు.