ఇరువది యేండ్ల ఎదురుచూపు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సూరతు నగరమునకు దక్షిణమున, నవసారికి పోవు దారిలో నున్న ఈ ఉన్ ప్రాంతమున తెలుగు కుటుంబములు ఒకచోట చేరి ఉత్సవము జరుపుకొనుట సంతోషదాయకము. ఇచ్చటి వారిలో ప్రభుత్వోద్యోగమున బదిలీపై వచ్చినవారు కలరు. మగ్గము పనికై తెలంగాణమునుండి వచ్చి ఈ నగరమున స్థిరపడిన పద్మశాలి కుటుంబములు వేలకొలదిగా కలవు. ఏ యింట విచారించినను వినవచ్చు కథ దాదాపు ఒక్కటియే. ముందు పురుషుడు వచ్చెను. ఇల్లు కుదిరిన పిమ్మట, పిల్లల చదువు ఒక కొలిక్కి వచ్చిన పిమ్మట, భార్య వచ్చెను. ఆ నడిమి కాలమున ఆమె యెట్లు గడిపెనో ఏ సర్వీసు రిజిస్టరులోను చేరదు.

మూడు శతాబ్దములకు పైబడిన కాలము క్రిందట సూరతు కొలువులో నుండిన ఒక విదేశీయోద్యోగి భార్యకు ఆ నడిమి కాలము సుమారు ఇరువది యేండ్లు పట్టెను. ఆమె పేరు మేరీ క్యూపెర్లీ. పుదుచ్చేరి నగర నిర్మాతగా ప్రసిద్ధి కెక్కిన ఫ్రాన్స్వా మార్టిన్‌కు ఆమె ధర్మపత్ని. భారతదేశమున కాపుర ముండుటకు వచ్చిన తొలినాటి ఫ్రెంచి స్త్రీలలో ఆమె యొకతె. చరిత్ర గ్రంథములలో మార్టిన్‌కు అధ్యాయములు కలవు. ఆమెకు దక్కినవి కొన్ని పంక్తులు మాత్రమే. ఆ పంక్తులనే కాలక్రమమున పేర్చి చూచిన ఒక జీవితము గోచరించును.

మార్టిన్ 1634లో పారిస్ నగరమున జన్మించెను. తండ్రి సంపన్నుడైన సుగంధద్రవ్య వర్తకుడు. తల్లి ఆ యింటి పరిచారిక. వివాహబంధము లేని సంతానమగుటచే, తండ్రి మరణించిన పిమ్మట ఆ బాలునకు ఆ యింట నిలువ నీడ లేకపోయెను. అతడు మరియొక దినుసుల దుకాణమున గుమాస్తాగా కుదిరెను. ఆ దినములలోనే చేపలమ్ముకొని జీవించు నొక స్త్రీ కుమార్తెయగు మేరీని వివాహమాడెను. ఆ పెండ్లి యజమానికి రుచింపలేదు. గుమాస్తాకు ఉద్యోగము పోయెను.

ఆ దంపతుల కష్టములకు మూలమిదియే. 1664లో ఫ్రెంచి మంత్రి కోల్బేరు ప్రోత్సాహమున తూర్పుఇండియా వర్తక సంఘము ఏర్పడెను. మరుసటి సంవత్సరము, అనగా 1665లో, ఉపాధి లేని మార్టిన్ ఆ కంపెనీ కొలువున చేరి నౌక యెక్కెను. భార్య పారిస్ నగరమున నిలిచిపోయెను. చేపలమ్మి కూతుండ్రకు ఓడలో చోటిచ్చి తూర్పుదేశములకు పంపు ఏర్పాటు ఆనాడు లేదు. కెనడా వలసకు మాత్రము ఫ్రెంచి రాజు 1663 మొదలు 1673 వరకు సుమారు ఎనిమిది వందల మంది కన్యలను సొంత ఖర్చుతో పంపి పెండ్లిండ్లు చేయించెను. అచ్చట భూమిని దున్ని ఊళ్లు కట్టుట ఉద్దేశము. భారతదేశమున కంపెనీ కోరినది బట్టలు, మిరియాలు, నీలిమందు. వాటి కొనుగోలునకు గుమాస్తాలు చాలుదురు, కాపురములతో పనియేమి అని పెద్దల తలంపు.

ఆ కాలమున ఫ్రాన్సునుండి ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి సూరతు చేరుటకు ఆరు నెలలకు తక్కువ పట్టదు. గాలి అనుకూలింపనిచో సంవత్సరము దాటుటయు కలదు. ఒక జాబు పోయి ప్రత్యుత్తరము వచ్చునప్పటికి రెండేండ్లు గడచును. భర్త బ్రతికియుండెనో లేదో తెలియుటకే భార్య రెండు వర్షకాలములు నిరీక్షింపవలసిన దినములవి. ఇల్లాలికి బిడ్డ కలదు. భర్త సంపాదన చేతి కందునది కాదు.

మార్టిన్ తొలుత మడగాస్కర్ ద్వీపమున పనిచేసెను. ఫ్రెంచివారు భారతదేశమున తమ మొదటి వర్తకస్థానమును 1668లో ఈ సూరతు నగరముననే నెలకొల్పిరి. మొగలు సామ్రాజ్యమున ఇది మహారేవు. తపతీనది ముఖద్వారమున సువాలి యొద్ద పెద్ద ఓడలు లంగరు వేయుచుండెను. మక్కా యాత్రికులు ఇచ్చటినుండియే బయలుదేరుచుండిరి. ఆంగ్లేయులు, డచ్చివారు అప్పటికే ఇచ్చట పాతుకొనియుండిరి. మరుసటి ఏడాది, 1669లో, గోలకొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఫర్మానాతో ఫ్రెంచివారు మన మచిలీపట్టణమున కోఠీ తెరచిరి. మార్టిన్ ఆ మచిలీపట్టణమునను కొంతకాలము కొలువు చేసెను. కృష్ణాతీరపు అద్దకపు బట్టలను, సన్నని వస్త్రములను ఎంచి ధర కట్టుటలో అతని చేయి ఇచ్చట తిరిగినదని తలచుట తప్పు కాదు.

1672లో ఫ్రెంచివారు శాంథోమును పట్టుకొనిరి. రెండేండ్లకు, 1674లో, దానిని విడిచిరి. ఆ యలజడిలో తలదాచుకొనుటకు లభించిన చోటు పుదుచ్చేరి. బిజాపురపు పక్షమున ఆ ప్రాంతము నేలుచుండిన షేర్‌ఖాన్ లోడి ఇచ్చిన తావది. కొద్దిమంది అనుచరులతో మార్టిన్ అచ్చట నిలిచెను. 1677లో శివాజీ కర్ణాటక దండయాత్రకు వచ్చి జింజిని వశపరచుకొనినప్పుడు, దూతను పంపి, కానుకలిచ్చి, నచ్చజెప్పి ఆ చిన్న పల్లెను కాపాడెను. కంపెనీవద్ద ధనము లేదు. ఫ్రాన్సునుండి నౌకలు రావు. ఇన్ని యేండ్లును మేరీ పారిస్‌లోనే యుండెను. అతనికి పెండ్లాడినందుకు ఉద్యోగము పోయెను. ఉద్యోగము దొరకినందుకు భార్య దూరమయ్యెను.

1681లో మార్టిన్‌కు సూరతునకు రమ్మని ఆజ్ఞ వచ్చెను. భారతదేశపు ఫ్రెంచి వ్యవహారములన్నిటికి అప్పటి ముఖ్య కార్యాలయము ఇచ్చటనే యుండెను. డైరెక్టరు బరోన్ 1683లో సూరతున మరణించగా కార్యభారము మార్టిన్‌పై పడెను. అప్పులవారి ఒత్తిడి, మొగలు అధికారుల నిర్బంధము, పోటీ వర్తకుల ఈసు, వీటి నడుమ అతడు 1686 వరకు ఈ నగరమున గడిపి, పిమ్మట పుదుచ్చేరికి మరలిపోయెను. ఆ 1686 ప్రాంతముననే మేరీ భర్తను చేరుకొనెను. విడిపోయిన నాటికి మార్టిన్ ముప్పదియొక యేండ్ల నిరుద్యోగి; కలిసికొన్న నాటికి ఏబదియేండ్లు దాటిన ఉన్నతాధికారి. ఆమెకును యౌవనము గడచిపోయెను. ముఖములు గుర్తించుకొనుటకే ఒకింత సమయము పట్టియుండును. ఆ కలయికనుగూర్చి మాటాడుటకు కవులకు వీలు కలదు గాని, చరిత్ర మౌనమే వహించినది. మార్టిన్ దినదిన వ్యవహారములను విపులముగా వ్రాసియుంచెను. దానిని 1931 మొదలుకొని మూడు సంపుటములుగా ఆల్ఫ్రెడ్ మార్టినో ప్రకటించెను. ఆ గ్రంథము సర్కారు కొలువు, నౌకల రాకపోకలు, యుద్ధ సంధులు, బట్టల బేరములతో నిండియున్నది.

కుమార్తె మేరీ ఫ్రాన్స్వాజ్ వివాహము ఆ రోజులలోనే జరిగెను. వరుడు ఆంద్రే బూరో దేలాండ్. ఇతడు సయాం దేశమున కంపెనీ పని నడిపిన సమర్థుడు. 1690లో హుగ్లీ తీరమున చందర్‌నగర్ స్థావరమును నెలకొల్పినవాడితడే. చేపలమ్మి మనుమరాలు ఒక ఫ్రెంచి పట్టణ స్థాపకుని గృహిణి యయ్యెను. పారిస్ దుకాణదారునికి కూడని సంబంధము బంగాళాఖాతపు తీరములందు ఇంటి గౌరవమయ్యెను.

మేరీ రాకతో పుదుచ్చేరి ఒక్క కోఠీగా గాక, గృహస్థుని ఊరుగా మారసాగెను. మార్టిన్ సాలీలను రప్పించి, ఇండ్లస్థలము లిచ్చి, వీధులు వేయించెను. జింజి నేలుచుండిన మరాఠాల అనుమతితో 1688, 1689 ప్రాంతములలో గోడలు కట్టించెను. 1692లో ఫ్రెంచి రాజు అతనిని వీరశ్రేణిలో చేర్చి గౌరవించెను. ఆ గౌరవము వచ్చిన మరుసటి సంవత్సరమే ఆపద వచ్చెను. డచ్చివారు మరాఠా రాజు రాజారామునకు ధనమిచ్చి పుదుచ్చేరిపై హక్కు కొనిరి. 1693 ఆగస్టులో పెద్ద నౌకాబలముతో ముట్టడించిరి. మార్టిన్ సెప్టెంబరు 6న లొంగిపోవలసి వచ్చెను. అతనిని బటేవియాకు తరలించిరి. పిదప అతడు బంగాళమున చందర్‌నగర్ చేరెను. అల్లుడు, కుమార్తె అచ్చట కాపురముండిరి. ఇరువది యేండ్లు వేచి కుదుర్చుకొనిన గృహము ఏడేండ్లలో చేజారిపోయెను.

అతడు ఓర్పు వీడలేదు. 1697లో యూరపులో రిజ్వికు సంధి కుదిరెను. దానినిబట్టి పుదుచ్చేరి ఫ్రెంచివారికి తిరిగి రావలెను. డచ్చివారు కట్టిన కోటకు వెల చెల్లించి, 1699లో మార్టిన్ తిరిగి ఆ నేలపై కాలు మోపెను. 1701లో అది భారతదేశపు ఫ్రెంచి స్థావరములన్నిటికి ముఖ్యస్థానమయ్యెను. సూరతు కోఠీ దాని క్రింద చేరెను. ఏ సూరతునుండి ఆజ్ఞలు వెడలుచుండెనో, ఆ సూరతే ఆజ్ఞలు స్వీకరింపవలసి వచ్చెను. 1706లో కోట పూర్తి కాగా, ఆ సంవత్సరాంతముననే మార్టిన్ కన్ను మూసెను.

ఆ 1706లోనే పుదుచ్చేరిలో జాన్ ఆల్బేర్ అను శిశువు జన్మించెను. తండ్రి ఫ్రెంచి వైద్యుడు. తల్లి ఇండో-పోర్చుగీసు వంశజ. ఈ బాలిక పెద్దయై 1741లో డూప్లేను వివాహమాడి, జోహన్నా బేగమని ఖ్యాతి గాంచెను. తమిళము బాగుగ తెలిసిన ఆమె భర్త రాజనీతికి కుడిభుజమై నిలిచెను. బుస్సీ దక్కనులోనికి, తదుపరి ఉత్తర సర్కారులలోనికి చొరబడిన కాలముననే ఆమె ప్రాబల్యము తారస్థాయి నందెను. మేరీకి ఆ భాగ్యము గాని, ఆ అధికారము గాని లేదు. ఆమె పరాయిగడ్డకు ఓడలో వచ్చినది. ఈమె ఆ గడ్డపై పుట్టినది. మొదటి తరము స్త్రీలు ఇల్లు నిలిపిరి. రెండవ తరపు స్త్రీ ఆ యింటినుండి రాజ్యము కాంక్షించెను.

మేరీ మనుమడు ఆంద్రే ఫ్రాన్స్వా దేలాండ్ భారతభూమిపై జన్మించి, ఫ్రాన్సున నౌకాశాఖయందు ఉద్యోగియై, 1737లో తత్త్వశాస్త్ర చరిత్రనుగూర్చి ప్రఖ్యాత గ్రంథము ప్రకటించెను. ప్రాథమిక అక్షరములకే కరువైన యింట పుట్టియుండెడి మగువ వంశమున తత్త్వవేత్త జన్మించుట విశేషమే.

ఇచ్చట ఒక మాట మరువరాదు. ఆ కోఠీలు ధర్మసత్రములు కావు. అందలి లాభము మన సాలీల చేతిపని, మన రైతుల పంట. పిదప వచ్చిన యుద్ధములు ఈ దేశప్రజలను బాధించినవి. ఆ విషయము నెరిగియే ఒక స్త్రీ ఓర్పును మెచ్చవలెను. ఓర్పునకు దేశభేదము లేదు.

మార్టిన్ కట్టిన కోట నేడు లేదు. 1761లో ఆంగ్లేయులు పుదుచ్చేరిని పట్టుకొని కోటను నేలమట్టము చేసిరి. వర్తక సంఘము పోయినది. పుదుచ్చేరి 1954లో ఫ్రెంచివారి చేతినుండి భారతదేశమునకు అప్పగింపబడినది. నిలిచినది ఊరొక్కటే. ఆ ఊరు కోటవలన గాక, అచ్చట సంసారములు సాగుటవలన నిలిచినది.

ఈ సభలో కూర్చున్న తల్లులు, అక్కచెల్లెండ్రు, తమ భర్తల బదిలీ ఉత్తరువుల వెంట మూటముల్లె కట్టుకొని వచ్చినవారే. మచిలీపట్టణమునుండి సూరతునకు, అచ్చటినుండి మరియొకచోటికి, పిల్లల టీసీలు చేతబట్టుకొని తిరుగు సంసారములను ఎవరును చరిత్రలో వ్రాయరు. మేరీ క్యూపెర్లీ పేరు మూడు శతాబ్దముల కాలమును దాటి నేటి వరకు వచ్చుటకు కారణము ఆమె భర్త గొప్పతనము మాత్రము కాదు. అతడు నిలిపిన యూరు ఆమె వచ్చిన పిదపనే గృహమైనది. దూరమైన కొలువునకు పోయిన భర్తకు జాబు వ్రాసి, ప్రత్యుత్తరమునకై గుమ్మమున నిలిచిన ప్రతి యిల్లాలిని తలచుకొనుటయే ఆమెకు తగిన స్మృతి.