పగిలిన ఫ్రేము, పాత రసీదు

ఈ పది నిమిషాలూ సైకిలు గురించి మాట్లాడతానంటే మా ఆవిడ నవ్వింది. "కారు వారంటీ గురించయితే నలుగురూ వింటారు గానీ, సైకిలు గొడవ ఎవరికి కావాలండీ?" అంది. మన అల్ఫారెట్టాలో పిల్లలున్న ఏ ఇంట్లో గరాజి తలుపెత్తినా మూడు నాలుగు సైకిళ్ళు కనిపిస్తాయి. వాటిలో సగం ఇంకొకరింటి నుంచి వచ్చినవే. అందుకని చెబుతున్నాను.

బిగ్ క్రీక్ గ్రీన్‌వే మీద సాయంత్రాలు నడిచేవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. అది చదునైన దారి. దాని దక్షిణపు కొస దాటి రాస్‌వెల్ వైపు వెళితే బిగ్ క్రీక్ పార్కు వస్తుంది. అక్కడ చెట్ల మధ్య వేళ్ళ మీదుగా, గుట్టల మీదుగా మట్టిదారులున్నాయి. రాంబో అనే సంఘం వలంటీర్లు వాటిని చూసుకుంటారు. సినిమా పేరు కాదండోయ్, రాస్‌వెల్ అల్ఫారెట్టా మౌంటెన్ బైక్ ఆర్గనైజేషన్‌కి పొట్టిపేరు. మా పదిహేనేళ్ళ అబ్బాయికి శనివారం వస్తే మకాం అక్కడే.

వాడి సైకిలు మేం కొట్లో కొన్నది కాదు. హైదరాబాదు తిరిగి వెళ్ళిపోతున్న మిత్రుల దగ్గర మూడు వందల డాలర్లకి తీసుకున్నాం. ఒక ప్రెషర్ కుక్కరూ, రెండు మడతకుర్చీలూ ఊరికే ఇచ్చారు.

కొన్నాళ్ళకి కిర్రు కిర్రుమని చప్పుడు మొదలైంది. గొలుసుకి నూనె వేశాను. తగ్గలేదు. ఒక ఆదివారం ఎర్రమట్టి కడుగుతుంటే, హ్యాండిల్ దిగే గొట్టానికీ, అక్కడి నుంచి పెడల్స్ వైపు వెళ్ళే లావుపాటి గొట్టానికీ మధ్య అతుకు అడుగున వెంట్రుకలాంటి గీత కనిపించింది. పెయింటు గీత అనుకున్నాను. గోటితో గీరితే గోరు తట్టుకుంది. గీత రెండు చివర్లా మార్కరుతో చుక్కలు పెట్టి, "చూద్దాంలే" అన్నాను. ఆ వారమంతా వాణ్ణి తొక్కనిచ్చాను. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మళ్ళీ ఆదివారానికి గీత చుక్క దాటి పోయింది. ఆ అతుకు ఊడితే ముందు చక్రం విడిపోయి, పిల్లాడు మొహం మీద పడతాడు.

నాకు మొదట తట్టింది వెల్డింగే. మా ఊళ్ళో సైకిలు విరిగితే గ్యాస్ వెల్డింగు కొట్టుకి తీసుకెళ్ళేవాళ్ళం, అరగంటలో అతికి ఇచ్చేవాడు. అది ఇనుప ఫ్రేము. ఇప్పటి మౌంటెన్ బైకుల్లో చాలావాటివి అల్యూమినియం ఫ్రేములు. వెల్డింగు వేడికి అతుకు చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. అందుకే ఫ్యాక్టరీలో వెల్డింగు తరవాత ఫ్రేముని మళ్ళీ కొలిమిలో పెట్టి గట్టి పరుస్తారు. ఆ పని వీధి చివర జరిగేది కాదు. పైగా ఉక్కుకి ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు లోపల ఎన్ని కుదుపులైనా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. చిన్న చిన్న కుదుపులు కూడా ఖాతాలో పడుతూనే ఉంటాయి.

సరే, ఆ కంపెనీ సైకిళ్ళమ్మే కొట్టుకి వెళ్ళాం. అక్కడి కుర్రాడు పెడల్స్ అడుగున చెక్కిన సీరియల్ నంబరు రాసుకుని, ఫొటోలు తీసుకుని, రెండే ప్రశ్నలడిగాడు. మొదట కొన్నది మీరేనా? రసీదు ఉందా?

వెళ్ళేముందే హైదరాబాదుకి ఫోను చేశాను. "రసీదు నా ఈమెయిల్లో ఉంది అన్నయ్యా, పంపిస్తాను. మీరే కొన్నానని చెప్పేయండి, ఎవరు చూడొచ్చారు?" అన్నాడతను. పాపం, మంచి మనసుతోనే అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే చెబుదామని జేబులో ఆ కాగితం పెట్టుకునే వెళ్ళాను. నేను గొంతు సవరించుకునేలోపు మావాడు, "మేం కాదండీ, మా అంకుల్ కొన్నారు" అనేశాడు. కాగితం జేబులోనే ఉండిపోయింది.

తరవాత ఇంటికొచ్చి వారంటీ కాగితం మొదటిసారి పూర్తిగా చదివాను. 1975లో వచ్చిన మాగ్నసన్ మాస్ చట్టం ప్రకారం, కంపెనీ రాసిచ్చే వారంటీ పూర్తిదో పరిమితమైనదో పైన స్పష్టంగా ఉండాలి. మాది పరిమితం. అలాంటప్పుడు మొదటి కొనుగోలుదారుకే వర్తిస్తుందని షరతు పెట్టడం న్యాయమే. "లైఫ్‌టైమ్" అన్న మాట చూసి మురిసిపోతాం గానీ, ఎవరి లైఫో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంకో షరతు పిల్లల తండ్రులు చూసుకోవాలి. సీటు కడ్డీ మీద ఒక గీత ఉంటుంది, అది ఎప్పుడూ ఫ్రేము లోపలే ఉండాలి. పిల్లలు ఎదుగుతుంటే మనం సీటు పైకి లాగుతూ పోతాం. ఆ గీత బయటికొచ్చాక పైగొట్టం దగ్గర పగిలితే కంపెనీ ఒప్పుకోకపోవచ్చు. ఆ తప్పు మనదే మరి.

రీకాల్ సంగతి వేరు. కన్స్యూమర్ ప్రాడక్ట్ సేఫ్టీ కమిషన్ వెబ్‌సైటులో సైకిలు పేరు, మోడలు కొట్టి చూడండి. ఆ పట్టికలో ఉంటే మామూలుగా ఎన్నో చేయి అని అడగరు, ఉచితంగానే సరిచేస్తారు. మాది అందులో లేదు.

కంపెనీ వారంటీ ఇవ్వలేదు గానీ, కొత్త ఫ్రేము తగ్గింపు ధరకిస్తామంది. సంతోషించేలోపే కుర్రాడు లెక్క చెప్పాడు. మా పాత చక్రాలు 26 అంగుళాలవి, కొత్త ఫ్రేము 29కి చేసింది. వెనక ఇరుసు మాది 135 మిల్లీమీటర్లు, దానిది 148. చక్రాలు మార్చాలి, ముందు ఫోర్కు మార్చాలి, బిగించే కూలి మనదే. వారంటీలో ఫ్రేము ఊరికే వచ్చినా ఈ ఖర్చులు చాలావరకు తప్పవట. మొత్తం కలిపితే కొత్త సైకిలు ధర దాటింది. ఫ్రేముకి వద్దని చెప్పి, ఓ మాదిరి కొత్త సైకిలే తీసుకున్నాం. రసీదు ఫొటో తీసి, సీరియల్ నంబరుతో సహా నాకు నేనే ఈమెయిలు పంపుకున్నాను.

మొన్న ఒక విందులో మిత్రుడొకాయన, "ఆ పాతది పారేయకండి, మావాడు వీధిలోనే తొక్కుతాడు లెండి" అన్నాడు. మూడు వారాల కిందటయితే ఇచ్చేసేవాణ్ణేమో. ఇంటికొచ్చి గరాజిలో హాక్సా బ్లేడు వెతికాను. మావాడు పట్టుకున్నాడు, నేను కోశాను. పగులు దగ్గరే మొదలుపెట్టాం. అల్యూమినియం కదా, అనుకున్నంత సేపు పట్టలేదు.