బండి నిలుపుటకొక చోటు

పటాన్‌చెరు కర్మాగారమొకదానికి ప్రక్కచక్రముల స్కూటరుపై వచ్చు మిత్రుడు నాకొకడు కలడు. ద్వారము చెంత బండి నిలుపబోగా కావలివాడు “పర్మిటేది?” అనెను. అమెరికాలో కారు అద్దమునకు తగిలించు బిళ్ల వంటిది అతనికెక్కడిది? సంగారెడ్డి సదరం శిబిరమున వైద్యులిచ్చిన ధ్రువపత్రము చూపెను. 2016 నాటి చట్టప్రకారము 40 శాతము వైకల్యమున్న చాలును. 2020 నుండి బండి రిజిస్ట్రేషనులోనే యజమాని దివ్యాంగుడని వ్రాయించుకొనవచ్చును.

2016 నాటి కేంద్ర నమూనా కట్టడ నిబంధనలు ప్రవేశమునకు 30 మీటర్లలోపున, 3.6 మీటర్ల వెడల్పున చోటుండవలెనన్నవి. అంత వెడల్పేల? కారు తలుపు పూర్తిగా తెరచి చక్రాల కుర్చీ దింపుకొనుటకు. “రెండే నిమిషములు” అని మనమొక మోటారు సైకిలు అచ్చట నిలిపితిమా, ఆ మనిషి కారులోనే బందీ.

మిత్రుడు వ్రాతపూర్వకముగా కోరగా చోటు కేటాయించి, గోడపై గుర్తును వేయించిరి. మొన్న చూచితిని, అందు పూలకుండీలున్నవి. అతడు మరల దరఖాస్తు వ్రాయుచున్నాడు.