జాకారం దాకా వచ్చిన విశ్వవిద్యాలయం
(కొత్తవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఆటపాటలు ఎలాగూ ఉన్నాయి. వాటికన్నా ముందు చదువు గురించి కొంచెంసేపు మాట్లాడుకుందామని సంఘంలో అనుకున్నాం.

సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం మాట మనం 2014 నుంచి వింటున్నాం. రాష్ట్ర విభజన చట్టం 13వ షెడ్యూలులో రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం అని రాశారు. ఆంధ్రప్రదేశ్‌ది 2019లో విజయనగరంలో మొదలైంది. మనది చట్టం కావడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది. కేంద్ర మంత్రివర్గం 889.07 కోట్లు అని లెక్క చెప్పింది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం చేయి పట్టి నడిపిస్తుండగా, ములుగు పక్కన జాకారంలోని యువజన శిక్షణ కేంద్రంలో 2024-25లో ఇంగ్లీషు, ఎకనామిక్స్ ఆనర్స్ డిగ్రీలతో తరగతులు మొదలయ్యాయి. 2014లో రెండో తరగతిలో ఉన్న బిడ్డ అప్పటికి ఇంటర్ రెండో ఏడుకు వచ్చింది. ఆలస్యం సంగతి అంతటితో వదిలేద్దాం. ఆ బిడ్డకు సీటు వస్తుందా, రాదా అన్నదే ఇప్పుడు మనకు కావాల్సింది.

మన ఇళ్ళలో చాలామంది అనుకునేది ఏమిటంటే, పేరు గిరిజన విశ్వవిద్యాలయం కాబట్టి ఇంటర్ మార్కుల మెమో, కుల సర్టిఫికెట్ పట్టుకుని పోతే సీటు ఇస్తారని. అలా కాదు. డిగ్రీ కాలేజీలకు దోస్త్ ఎలాగో, ఇక్కడికి సీయూఈటీ అలాగ. ఇది దేశమంతటికీ ఒకే ప్రవేశ పరీక్ష. 2022 నుంచి జరుగుతోంది. 2024లో, 2025లో ఈ పరీక్ష దరఖాస్తు గడువు సరిగ్గా మన ఇంటర్ పరీక్షల రోజుల మీద పడింది. పిల్లలేమో పుస్తకాల్లో మునిగి ఉంటారు, తల్లిదండ్రులు మిర్చి కోతల్లో ఉంటారు. ఫలితాలు వచ్చాక జాకారం బస్సెక్కి పోయి అడిగితే, దరఖాస్తు ఎప్పుడో అయిపోయిందంటారు. తేదీలు ఏడాదికేడాది మారుతాయి కాబట్టి సంక్రాంతి సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడే ఈ మాట ఎత్తాలి.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈ పరీక్ష 13 భాషల్లో ఉంటుంది, అందులో తెలుగు ఒకటి. తెలుగు మీడియంలో చదివినందుకు భయపడి ఆగిపోవద్దు. చేరిన తరువాత ఇంగ్లీషు పాఠాలు అందుకోవడం కష్టమే, దాచేదేమీ లేదు. అందుకు మొదటి ఏడాదిలో ప్రత్యేకంగా ఇంగ్లీషు తరగతులు పెట్టాలని విశ్వవిద్యాలయాన్ని అడగడం మన పని.

రిజర్వేషన్ సంగతి. రాష్ట్ర విద్యాసంస్థల్లో ఎస్టీలకు 2022 నుంచి 10 శాతం ఉంది. కేంద్ర విద్యాసంస్థల్లో సాధారణ నియమం 7.5 శాతం. పైగా అక్కడ మన పిల్లలు జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ పిల్లలతో పోటీ పడాలి. వాళ్ళూ మనవాళ్ళే, వాళ్ళ మీద మనకు కోపం లేదు. కానీ మేడారం తల్లుల పేరు పెట్టుకున్న చోట ఏటూరునాగారం, తాడ్వాయి, మంగపేట పిల్లలు కనబడకపోతే ఆ పేరు బోర్డు మీదే మిగులుతుంది. స్థానిక గిరిజన పిల్లలకు ఎన్ని సీట్లు అన్నది ప్రతి ఏటా ప్రవేశ ప్రకటనలో చదివి చూసుకోవాలి, తక్కువైతే రాతపూర్వకంగా అడగాలి.

డబ్బుల విషయం తొందరగా చెప్పేస్తాం. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ అందరికీ తెలిసిందే. తెలియనివి పైన ఉన్నాయి. పీహెచ్‌డీ చేసే ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తుంది. విదేశీ చదువులకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లు ఏటా 20, అందులో 3 ఆదిమ తెగల వారికే. రాష్ట్రానిది అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి వేరే ఉంది. డిగ్రీ మొదటి ఏడాదిలోనే ఈ పేర్లు పిల్లల చెవిన పడాలి.

ఇక ఆ బడిలో ఏం చెబుతారన్నది. మాకు అన్నింటికన్నా ముఖ్యమనిపించింది ఇదే. గిరిజన కళ, సంస్కృతి, ఆచారాల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టాలని ఆ చట్టమే చెబుతోంది. ఇంగ్లీషు, ఎకనామిక్స్ చెప్పడానికి మనకు కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఉంది. కొత్త బడి కొత్త పని చేయాలి కదా. 1940లలో ఆసిఫాబాద్ వైపు మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ గోండు పిల్లలకు గోండీలోనే మొదటి వాచకాలు పెట్టించి, గోండు యువకులనే పంతుళ్ళుగా తయారుచేశారు. నిజాం కాలంలో అయిన పని ఇప్పుడు ఎందుకు కాదు?

సకిని రామచంద్రయ్య గారిని తలచుకోండి. మణుగూరు వైపు కూనవరం డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మ కథ ఆయన నోట వినాలి. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో ఆయన పోయారు. విశ్వవిద్యాలయం తలుపులు తెరిచిన ఏడే ఆ గొంతు ఆగిపోయింది. ఆయన లాంటి వారికి పాఠం చెప్పే అర్హత లేదని అనడానికి ఇప్పుడు వీల్లేదు. 2022లో యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని ఒక పద్ధతి తెచ్చింది. తమ రంగంలో 15 ఏళ్ళ అనుభవం ఉన్నవారిని డిగ్రీలు లేకున్నా తీసుకోవచ్చు, మంజూరైన పోస్టుల్లో 10 శాతం దాకా. డోలీలు, పడిగె బొమ్మలు చదివి చెప్పేవారు, వనమూలికలు తెలిసినవారు, లంబాడీ కుట్టుపని చేసే అవ్వలు ఇంకా మన మధ్య ఉన్నారు. వారి పేర్లతో మేము ఒక జాబితా తయారుచేస్తున్నాం. మీ ఊళ్ళో ఎవరున్నారో చెప్పి పోండి. మనం కూర్చున్న ఈ కొత్తవాడ నేతవాడ. ఇక్కడి జంపఖానాలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ మగ్గం లెక్క ఏ కాలేజీలో నేర్చుకున్నది? చేతిలో విద్య ఉన్నవారిని గౌరవించడం ఈ వాడ వాళ్ళకు మనం చెప్పాల్సిన పని లేదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. కొత్త విద్యావిధానంలో ఏడాది చదివి ఆగితే సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ, నాలుగేళ్ళకు ఆనర్స్. ఇది మంచికీ వాడొచ్చు, చెడుకీ వాడొచ్చు. డిప్లొమా వచ్చింది కదా ఇక పెళ్ళి చేద్దామంటే ఆ నియమం మన బిడ్డకు గోడ అవుతుంది. నిజంగా ఇంట్లో కష్టం వచ్చి ఆగిపోయిన బిడ్డకైతే అదే ఆసరా, ఎందుకంటే చదివిన క్రెడిట్లు ఏడేళ్ళ దాకా ఖాతాలో ఉంటాయి, తిరిగి వచ్చి అక్కడి నుంచే కొనసాగించవచ్చు. ఆపిన పిల్లలు మీ ఎరుకలో ఉంటే ఈ సంగతి వారికి చేరవేయండి.

సభ అయ్యాక గేటు పక్కన బల్ల వేస్తున్నాం. ఇంటర్ రెండో ఏడు పిల్లలు పేరు, ఫోన్ నంబరు రాసి పోండి. దరఖాస్తు తెరిచిన రోజే ఫోన్ చేస్తాం, ఫారం నింపడానికి మావాళ్ళు కూర్చుంటారు. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో పేరు ఒకే తీరుగా ఉందా లేదా ఈ రాత్రే చూసుకోండి. తేడా ఉంటే రేపే మీసేవకు పోండి.