అల్లరి పిల్లలకు వేరే బడా?



తరగతిలో ఒక పిల్లాడు తోటివాళ్లను కొడతాడు, తిడతాడు, పాఠం సాగనివ్వడు. "వీణ్ణి ఇంకో బడికి పంపేయండి సార్" అంటారు మిగతా తల్లిదండ్రులు. వాళ్ల బాధ నిజమే. టీచరు బాధ ఇంకా నిజం.

కానీ ఇలాంటి పిల్లలందర్నీ ఒకేచోట చేరిస్తే? ఒకరి కోపం ఇంకొకరు నేర్చుకుంటారు. బడి పేరు చెప్పగానే ఊరు ముద్ర వేసేస్తుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టం స్పష్టంగా చెప్పింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ, పిల్లాణ్ణీ బడి నుంచి తీసేయకూడదు. కొట్టకూడదు, మనసు నొప్పించకూడదు.

మరి విడిగా చదువు చెప్పడం ఎప్పుడూ తప్పేనా? కాదండీ. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, బడి మానేసి పనులకు పోయే పిల్లల్ని శిబిరాల్లో ఉంచి చదివించింది. బ్రిడ్జి కోర్సు అన్నారు దాన్ని. వాళ్లు అల్లరివాళ్లు కాదు, చదువుకు దూరమైనవాళ్లు. అయినా పద్ధతి మనకు పనికొస్తుంది. శిబిరం కొంతకాలమే. తర్వాత మామూలు బడికే. అవును, మామూలు బడికే!

కాబట్టి టీసీ చేతిలో పెట్టేముందు కాస్త ఆరా తీయండి. ఆకలా? ఇంట్లో తాగుడూ కొట్లాటలా? చూపు ఆనడం లేదా? బోర్డు కనిపించని పిల్లాడు కుదురుగా ఎలా కూర్చుంటాడు?

పిల్లాడు ఇంట్లో హింసకు గురవుతున్నాడనిపిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. నంబరు 1098. మళ్లీ చెబుతున్నాను, ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది.